భయానికి లెక్కలు రావు

ప్రమాదం నుంచి బతికి బయటపడ్డవాళ్ల కోసం మన ఇళ్లలో రెండు సలహాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. "గండం గడిచింది, ఇక స్టీరింగ్ జోలికి పోకు" అన్నది ఒకటి. "ఏమీ కాలేదు కదా, రేపట్నుంచి మామూలుగా నడుపు" అన్నది రెండోది. రెండూ ప్రేమతో చెప్పేవే. ఆ రెండింటి మధ్యా నలిగిపోయేవాళ్ల కోసం ఈ సంవాదం.

మాట్లాడేది ఇద్దరు. అమ్మాయి నందిగామలో ఉంటుంది, విజయవాడలో ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. ఏళ్ల తరబడి 65వ నంబరు జాతీయ రహదారి మీద తన కారు తనే నడుపుకుంటూ వెళ్లివచ్చేది. ఒక వానాకాలం సాయంత్రం ఇంటికి వస్తూ, చీకటి పడే వేళ, కంచికచర్ల దాటాక, వెనక దీపం లేకుండా రోడ్డు మీద ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రక్కుని తప్పించబోయి డివైడర్‌ని కొట్టింది. పక్క సీట్లో వాళ్లమ్మ ఉంది. ఆవిడకి కాలర్‌బోన్ విరిగి, అతుక్కుంది. కారు షెడ్డు నుంచి బాగై వచ్చి నెలలు గడిచినా అమ్మాయి దాన్ని ముట్టుకోలేదు. బాబాయి ఆమె తండ్రికి తమ్ముడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు.

అమ్మాయి: బాబాయ్, ముందే చెబుతున్నా. కారు అమ్మేద్దామని నిర్ణయించుకున్నాను. మీరు నన్ను ఒప్పించడానికి వస్తున్నారని అమ్మ చెప్పింది. మీ వల్ల కాదు.

బాబాయి: అమ్ముకో తల్లీ, కారు నీది. ఎందుకు అమ్ముతున్నావో అది మాత్రం చెప్పు.

అమ్మాయి: లెక్కలతోనే చెబుతా. 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ నివేదికలో ఉన్న అంకెలు ఇవి. అంటే గంటకి 19 మంది. అలాంటి రోడ్డు మీదికి వెళ్లడానికి భయపడితే అది జబ్బెలా అవుతుంది? నాది తెలివైన భయం. ఇన్నాళ్లూ భయం లేకుండా తిరగడమే తెలివితక్కువతనం.

బాబాయి: సరే. మరి ఇప్పుడు కాలేజీకి ఎలా వెళ్తున్నావు?

అమ్మాయి: తమ్ముడు స్కూటీ మీద బస్టాండు దగ్గర దింపుతాడు. అక్కణ్నుంచి బస్సు. బాగా ఆలస్యమైతే కారు మాట్లాడుకుని వచ్చేస్తా.

బాబాయి: స్కూటీ వెనక కూర్చున్నప్పుడు హెల్మెట్ పెట్టుకుంటావా?

అమ్మాయి: బస్టాండు దాకేగా బాబాయ్.

బాబాయి: అద్దెకారులో వెనక సీట్లో బెల్టు?

అమ్మాయి: వెనక సీట్లో ఎవరు పెట్టుకుంటారు?

బాబాయి: నువ్వు చెప్పిన ఆ నివేదికలో, పోయినవాళ్లు ఏ బండి మీద వెళ్తూ పోయారో కూడా రాసి ఉంటుందిగా?

అమ్మాయి: ఉంటుంది. 44.5 శాతం మంది టూ వీలర్ల మీద వెళ్లినవాళ్లు. కార్లు, టాక్సీలు, వ్యాన్లు అన్నీ కలిపితే 12.5 శాతం. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. అందులో వెనక కూర్చున్నవాళ్లే 14,337.

బాబాయి: చూడు మరి. బెల్టు, ఎయిర్‌బ్యాగూ ఉన్న నీ కారు వదిలేసి, ఉత్త తలతో స్కూటీ ఎక్కుతున్నావు. రాత్రి నిద్రపోయాడో లేదో తెలియనివాడి కారులో బెల్టు లేకుండా కూర్చుంటున్నావు. అప్పుడు నీ భయం నోరెత్తలేదే? భయానికి లెక్కలు రావమ్మా. ప్రమాదం ఎక్కడుందో అది చూడదు, దెబ్బ ఎక్కడ తగిలిందో అక్కడే కాపలా కూర్చుంటుంది.

అమ్మాయి: ఆ అంకెలతో అలా పోల్చకూడదు బాబాయ్. మన రోడ్ల మీద కార్ల కంటే టూ వీలర్లు ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి చావుల్లోనూ వాటి వాటా ఎక్కువే ఉంటుంది. ఒక మనిషి ఒక కిలోమీటరు వెళ్తే ఎంత ప్రమాదమో ఆ వాటా చెప్పదు. మా పిల్లలు పరీక్షలో ఇలా రాస్తే మార్కులు కోసేస్తా.

బాబాయి: అలాగైతే నీ 1,68,491 కూడా నీకెంత ప్రమాదమో చెప్పదు కదా? అందులో తాగి నడిపినవాడున్నాడు, రాంగ్ రూట్లో వచ్చినవాడున్నాడు, పాపం రోడ్డు దాటుతున్న ముసలమ్మా ఉంది. వాళ్లందర్నీ కలిపిన అంకె అది. ఆ అంకె చూసి నువ్వు కారు మానలేదు. కారు మానేశాక ఆ అంకె వెతుక్కున్నావు.

అమ్మాయి: సరే, అంకెలు పక్కన పెడదాం. అసలు సంగతి చెబుతా. డ్రైవర్ సీట్లో కూర్చుని తలుపు వేసుకోగానే నాకు ఆ వాసన వస్తుంది. ఎయిర్‌బ్యాగ్ పేలినప్పటి వాసన, కాలిన మందు వాసన. కారంతా తెల్లటి పొడి, అమ్మ చీర మీద, కళ్లజోడు మీద. అమ్మ పెదాలు కదులుతున్నాయి, నాకు మాట వినపడట్లేదు, చెవుల్లో ఒకటే గుయ్‌మని రొద. ఇప్పుడు కారులో ఆ వాసన లేదని నాకు తెలుసు. సీటు కవర్లు కూడా మార్పించాం. అయినా వస్తుంది. అరచేతులు తడిసిపోతాయి. కుడికాలు దానంతటదే బిగుసుకుపోతుంది. బస్సులో ముందు సీట్లో కూర్చున్నా ఊరుకోదు, ఎదురుగా ట్రాక్టర్ కనిపిస్తే కాలితో నేలని తొక్కేస్తుంటా. నాకు మీరు ఏం నచ్చజెప్పినా ఆ కాలికి ఎవరు నచ్చజెబుతారు?

బాబాయి: ఆ కాలు సంగతి నాకు తెలుసు. నాకూ అయింది ప్రమాదం. రాత్రి సర్వీసు. ఎదురుగా దీపం లేని ఎడ్లబండి. దగ్గరికి వచ్చేదాకా కనపడలేదు. ఒక ఎద్దు చచ్చిపోయింది. బండివాడి కాలు విరిగింది. బస్సులో ఒకావిడకి నుదురు చిట్లింది. ఆ తర్వాత చాన్నాళ్లు, రోడ్డు మీద చెట్టు నీడ పడ్డా నా కాలు బ్రేకు మీదికి వెళ్లేది.

అమ్మాయి: అయినా మళ్లీ ఎక్కారు. నా అభ్యంతరం అక్కడే. మీరు ఎక్కక తప్పలేదు. ఎక్కకపోతే జీతం లేదు. నాకు ఆ అగత్యం లేదు. గత్యంతరం లేక ఎక్కినవాళ్ల కథని ధైర్యం కథగా చెప్పకండి. ఈ హైవే మీద లారీలు తోలేవాళ్లలో, అలాంటి ఒక రాత్రిని మనసులో పెట్టుకుని, ఎవరికీ చెప్పుకోలేక తోలుతున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో. వాళ్లని చూసి నేర్చుకోమంటారా?

బాబాయి: ఆ మాట నిజం. నాతో పనిచేసినవాళ్లలో కొందరు అలాగే పాడైపోయారు. భయాన్ని దిగమింగడానికి మందు అలవాటు చేసుకున్నారు. భయాన్ని మింగి నడిపేవాడు, భయంతో నడిపేవాడి కంటే ప్రమాదకరం. కానీ నన్ను అలా వదిలెయ్యలేదు. కొన్నాళ్లు బండి ఇవ్వలేదు. శిక్షణకి పంపారు. తర్వాత పక్కన ఒక సీనియర్ డ్రైవర్ని కూర్చోబెట్టి పగటి డ్యూటీలు వేశారు. రాత్రి సర్వీసు చాలా తర్వాత. నన్ను నిలబెట్టింది ఆ వరస. నీకు చెబుదామని వచ్చింది కూడా ఆ వరసే.

అమ్మాయి: ఆ వరస గురించి నేనూ చదివాను. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్నపిల్లాడి భయాన్ని మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ పోగొట్టింది. వాడికి ఇష్టమైనది తినిపిస్తూ, కుందేల్ని దూరం నుంచి రోజుకి కొంచెం దగ్గరగా జరుపుకుంటూ వచ్చింది. 1924లో ఆ సంగతి అచ్చులోకి వచ్చింది. 1958లో జోసెఫ్ వోల్పే అనే డాక్టరు, భయాలకి మెట్టు మెట్టుగా చేసే చికిత్స మీద పుస్తకమే రాశాడు. ఇవాళ సైకాలజిస్టులు చేసేదానికి మూలం అదే. అదంతా చదివాకే నాకు వద్దనిపించింది. కుందేలు బోనులో ఉంది బాబాయ్. లారీ బోనులో ఉండదు. కుందేలు ఆ పిల్లాణ్ని ఏమీ చెయ్యదు, వాడి భయం ఉత్తిది. నాది ఉత్తిది కాదు. నేను వణుకుతూ రోడ్డెక్కితే, నా భయం పోయే లోపల ఇంకొకరి ప్రాణం పోవచ్చు. అవతలివాళ్ల ప్రాణాలతో నేను వైద్యం చేయించుకోవాలా?

బాబాయి: గట్టి ప్రశ్నే అడిగావు. "ఏం కాదులే, ఎక్కెయ్" అనేవాళ్లకి దీనికి జవాబు లేదు. నా జవాబు ఇది. రోడ్డు మీదికి ఆఖరున వెళ్తాం. అంతకుముందు చెయ్యాల్సింది చాలా ఉంది, దానికి రోడ్డు అక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే మన మార్కెట్ యార్డు ఖాళీగా ఉంటుంది. మొదట ఇంజను వెయ్యకుండా ఊరికే సీట్లో కూర్చో. నీ కాలు బిగుసుకుంటుంది, బిగుసుకోనీ. కూర్చునే ఉండు. అది సడలేదాకా దిగొద్దు. ఆ తర్వాత ఇంజను. ఆ తర్వాత ఫస్ట్ గేర్లో యార్డు చుట్టూ తిరుగు. తర్వాత నలభైకి పోనిచ్చి బ్రేకు పూర్తిగా తొక్కు. నీ కారుకి ఏబీఎస్ ఉందిగా, ఎప్పుడైనా పూర్తిగా తొక్కి చూశావా?

అమ్మాయి: ఆ రోజే. పెడలు కాలికింద దడదడా కొట్టుకుంది. ఏదో విరిగిపోయిందనుకుని కాలు తీసేశాను.

బాబాయి: అయ్యో తల్లీ! విరగడం కాదు, అది పనిచేస్తోందని గుర్తు. చక్రాలు బిగుసుకుపోయి జారకుండా ఏబీఎస్ సెకనులో ఎన్నోసార్లు బ్రేకుని పట్టి వదులుతుంది. ఆ దడదడ అదే. కాలు తియ్యకూడదు. గట్టిగా తొక్కిపట్టి, స్టీరింగ్ తిప్పుకోవాలి. బ్రేకు మీద ఉండగానే బండి తిరుగుతుంది, ఏబీఎస్ పెట్టింది అందుకే. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది ఉండి తీరాలన్నారు. కానీ కాలికింద అది ఎలా ఉంటుందో ఎవరూ చూపించరు. లైసెన్సు పరీక్షలో ఎనిమిది వేయిస్తారు, గట్టిగా బ్రేకు కొట్టించరు. పదిసార్లు యార్డులో తొక్కావనుకో, పదకొండోసారి ఆ దడదడ వింటే నీకు భయం వెయ్యదు, భరోసాగా ఉంటుంది.

అమ్మాయి: అంటే నాకు లేనిది ధైర్యం కాదు, బ్రేకు తొక్కడం రాదంటారు.

బాబాయి: చేతికి పని వచ్చేకొద్దీ మనసు కుదురుకుంటుందంటాను. ఇంకో సంగతి అడుగుతా. ఆ సాయంత్రం ఎంతలో వస్తున్నావు?

అమ్మాయి: తొంభై. ఈ రోడ్డు నాలుగు వరసలు. మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్ల మీద కార్లకి వంద దాకా వెళ్లొచ్చని 2018లో కేంద్రమే నోటిఫికేషన్ ఇచ్చింది.

బాబాయి: లైట్లు?

అమ్మాయి: డిమ్‌లో ఉన్నాయి. ఎదర బళ్లున్నాయి.

బాబాయి: రోడ్డు?

అమ్మాయి: తుంపర పడుతోంది. తడిగా ఉంది.

బాబాయి: లెక్కల మేడమ్‌వి కదా. బండి ఆగడానికి ఎంత దూరం కావాలో వేసి చెప్పు.

అమ్మాయి: గంటకి 90 కిలోమీటర్లంటే సెకనుకి 25 మీటర్లు. కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనున్నర అనుకుందాం. అప్పటికే 37 మీటర్ల పైన పోయింది. తడి రోడ్డు మీద బ్రేకు పట్టి ఆగడానికి ఇంకో 64 అనుకోవచ్చు. మొత్తం 100 మీటర్ల పైమాటే.

బాబాయి: డిమ్ లైటులో, రిఫ్లెక్టర్లు లేని ట్రక్కు నీ కంటికి తెలిసేది మహా అయితే 50, 60 మీటర్లలో. ఇప్పుడు అరవై స్పీడుకి వెయ్యి.

అమ్మాయి: సెకనుకి 17 మీటర్ల లోపు. చూసి తొక్కేసరికి 25. ఆగడానికి 28. మొత్తం 53.

బాబాయి: ఆగేదానివి.

అమ్మాయి: ఆగేదాన్ని. అంటే అమ్మ ఎముక విరిగింది నా వల్లే. ఈ మాట నా నోటితో చెప్పించడానికా ఇంత లెక్క వేయించారు?

బాబాయి: కాదు. చీకట్లో దీపం లేకుండా, రిఫ్లెక్టరు లేకుండా రోడ్డు మీద బండి ఆపడం చట్టప్రకారం తప్పు. ఆ తప్పు వాడిది, అది వాడి మీదే ఉండనీ. నేను అడుగుతున్నది వేరు. నీ భయం నీకేం చెబుతోంది? "ఎప్పుడైనా జరగొచ్చు, ఎక్కడైనా జరగొచ్చు" అంటోంది. నువ్విప్పుడు వేసిన లెక్క ఏం చెప్పింది? "చీకట్లో, తడి రోడ్డు మీద, డిమ్ లైటులో అరవై దాటితే జరగొచ్చు" అంది. మొదటిదానితో నువ్వేం చెయ్యగలవు? ఇంట్లో కూర్చోగలవు, అంతే. రెండోదాన్ని నీ కుడికాలితోనే సరిచేసుకోవచ్చు. ఇంకొకటి, అమ్మ బెల్టు పెట్టుకుంది. పెట్టించింది ఎవరు?

అమ్మాయి: నేనే. ఊపిరాడట్లేదని గొడవ చేస్తుంటే పెట్టించాను.

బాబాయి: ఆ ఎముక విరిగింది బెల్టు బిగిసినచోటే. మనిషి మిగిలింది కూడా ఆ బెల్టు బిగియడం వల్లే. నందమూరి హరికృష్ణగారి సంగతి తెలుసుగా. తండ్రి ఎన్టీ రామారావుగారి ప్రచార వాహనం చైతన్య రథాన్ని ఊరూరా నడిపిన మనిషి. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో తన కారు తనే నడుపుతూ వెళ్తుంటే డివైడర్‌ని కొట్టి పోయారు. బెల్టు లేదని అప్పుడే పేపర్లలో వచ్చింది. ఆయన చేతికి లేని అనుభవం ఎవరికుంది? ఆయనకి లేని ధైర్యం ఎవరికుంది? రోడ్డు మీద ధైర్యం ఒక్కటే కాపాడదు. అందుకే పాత ధైర్యం తిరిగి తెచ్చుకోమని నేను అననే అనను.

అమ్మాయి: ఇది నేను అనుకోని మాట. అందరూ "మునుపటిలా అయిపోతావు" అంటున్నారు.

బాబాయి: మునుపటిలా ఎందుకవ్వాలి? నీ మునుపటి ధైర్యం ఏమిటి? అప్పటిదాకా ఏమీ జరగలేదు, అంతే. దానికి ఎవరూ పరీక్ష పెట్టలేదు. ఆ సాయంత్రం పరీక్ష పెడితే తేలిపోయింది. ఇప్పుడు కట్టుకోవాల్సింది కొత్తది. ఎంత దూరంలో ఆగుతావో తెలిసి, బ్రేకు ఎలా కొట్టుకుంటుందో తెలిసి, ఏ వేళ నడపకూడదో తెలిసి కట్టుకున్నది.

అమ్మాయి: చెప్పడం తేలికే. నేనేమీ ప్రయత్నించలేదనుకుంటున్నారా? చాలాసార్లు తాళాలు తీసుకుని కారు దాకా వెళ్లాను. వెనక్కి వచ్చేశాను.

బాబాయి: వెనక్కి వచ్చి తాళాలు మేకుకి తగిలించాక ఎలా ఉండేది?

అమ్మాయి: ప్రాణం లేచొచ్చినట్టుండేది.

బాబాయి: నిన్ను కట్టి పడేసింది అదే. వెనక్కి వచ్చిన ప్రతిసారీ నీ ఒంటికి నువ్వో పాఠం చెబుతున్నావు, "కారు దగ్గర చావుంది, గుమ్మంలో బతుకుంది" అని. ఆ హాయి పెరిగేకొద్దీ కారు ఇంకా భయంకరమవుతుంది. అందుకే చిన్న మెట్టు ఎంచుకోమన్నది. పెద్ద మెట్టు ఎక్కబోయి సగంలో పారిపోయి వస్తే, ఎక్కకపోవడం కంటే చెడ్డ. చిన్నది ఎక్కి, భయం దిగేదాకా అక్కడే నిలబడి, ఆ తర్వాత దిగు.

అమ్మాయి: రోడ్డు మీదున్నప్పుడు వస్తే? యార్డులో అయితే ఆపేస్తా. హైవే మీద చేతులు వణికితే?

బాబాయి: ఎడమ ఇండికేటరు వేసి, వేగం నిదానంగా తగ్గించి, పెట్రోలు బంకులోకో హోటలు ముందున్న ఖాళీలోకో పోనివ్వు. రోడ్డు అంచున మాత్రం ఆపకు, అలా ఆగిన బండి వల్లే కదా నీకు ఈ గతి పట్టింది. గుండె కుదుటపడ్డాక అక్కణ్నుంచి నువ్వే నడుపుకుంటూ రా. తాళాలు ఇంకొకరి చేతిలో పెట్టకు. ఇంకో చిన్న ఉపాయం. మొదట కొన్నాళ్లు నేను నడుపుతా, నువ్వు పక్కన కూర్చుని కనిపించినవన్నీ పైకి చెప్పు. "అదుగో ఆటో, బయటికి వస్తాడేమో. అక్కడ సందు. ఆ లారీ బ్రేకు లైటు వెలిగింది" అని. భయపడ్డవాళ్ల చూపు బానెట్ దగ్గరే ఆగిపోతుంది. పైకి చెబుతుంటే చూపు దూరం పోతుంది. దూరంగా చూసేవాడికి టైము దొరుకుతుంది, టైము దొరికినవాడికి కంగారు ఉండదు.

అమ్మాయి: ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు బాబాయ్. మా ఆయన డ్రైవర్ని పెడతానంటున్నారు. తమ్ముడైతే "నీకెందుకక్కా, నేను లేనా" అంటాడు.

బాబాయి: వాడు కాలేజీ రోజుల్లో మీ నాన్న కారుని కల్వర్టుకి కొట్టాడు. అప్పుడు ఎవరైనా "నీకెందుకురా, ఇక నడపకు" అన్నారా?

అమ్మాయి: అనలేదు. "మగపిల్లాడు, దెబ్బలు తగిలితేనే పని వస్తుంది" అన్నారు.

బాబాయి: దెబ్బ తగిలితే మగాడికి అనుభవం, ఆడదానికి గండం. ప్రేమతోనే అంటారు, నేను కాదనను. కానీ ఆ ప్రేమ నీ భయానికి తాళం వేసి చెవి వాళ్ల జేబులో పెట్టుకుంటోంది. జగ్గయ్యపేటలో మీ అమ్మకి అర్ధరాత్రి జ్వరమొస్తే నువ్వే కారేసుకుని వెళ్లేదానివి. ఇప్పుడు ఎవరు ఖాళీగా ఉన్నారో ఫోన్లు చేసుకుంటున్నావు.

అమ్మాయి: ఆ మాట నిజమే. నాకు కోపమొస్తోంది, మీ మీద కాదు. కానీ ఇంకోటి చెప్పాలి. ఒప్పుకోనివాళ్ల కంటే ఎక్కువ బాధపెట్టింది పరామర్శకి వచ్చినవాళ్లు. వచ్చిన ప్రతివాళ్లూ "అసలేం జరిగింది" అని మొదట్నుంచీ చెప్పించారు. చెప్పుకుంటే బరువు దిగుతుందంటారు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఇదే చూశారు. ఆసుపత్రిలో చేరిన రోడ్డు ప్రమాద బాధితుల్లో కొందరి చేత వెంటనే ఒక సిట్టింగులో జరిగిందంతా చెప్పించారు, కొందర్ని వదిలేశారు. మూడేళ్లయ్యాక చూస్తే, మొదట్లో బాగా కలతపడ్డవాళ్లలో, చెప్పించినవాళ్లకి అలాగే ఉండిపోయింది, వదిలేసినవాళ్లు తేరుకున్నారు. 2000లో అచ్చయింది ఆ వ్యాసం. అందుకే నన్ను నా మానాన వదిలెయ్యమంటున్నా.

బాబాయి: కథ చెప్పమని నేను ఒక్కసారైనా అడిగానా? స్పీడు అడిగాను, లైట్లు అడిగాను. కానీ వదిలెయ్యడం దేన్ని అన్నది చూడాలి. పరామర్శలు వదిలెయ్. నిద్ర ఎలా ఉంది?

అమ్మాయి: బాగాలేదు. కలలో ట్రక్కు వస్తుంది. ఒక్కోసారి పట్టపగలు, బోర్డు మీద రాస్తూ ఉండగా, మళ్లీ అక్కడే ఉన్నట్టుంటుంది. తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడతా. నిద్రమాత్ర తెచ్చి వేసుకుంటున్నా.

బాబాయి: అది నా చేతిలో పని కాదమ్మా. నేను స్టీరింగ్ సరిచెయ్యగలను, కలలు సరిచెయ్యలేను. నెల దాటినా ఇవి తగ్గలేదంటే డాక్టరుకి చూపించుకోవాల్సిన జబ్బే. కాలు విరిగితే సిగ్గుపడకుండా కట్టు కట్టించుకుంటాం, దీనికెందుకు సిగ్గు? మన దేశంలో 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ అని ఉంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. ముందు వాళ్లతో మాట్లాడు, ఎవర్ని కలవాలో చెబుతారు. ఇంకో మాట, నిద్రమాత్ర మత్తు పొద్దున దాకా ఉంటుంది. అది వాడుతున్నన్నాళ్లూ డాక్టర్ని అడగకుండా యార్డులో కూడా బండి ముట్టుకోకు.

అమ్మాయి: ఇంతసేపట్లో మీరు "నడపొద్దు" అన్నది ఇదే మొదటిసారి.

బాబాయి: ఇంకా చాలాసార్లు అంటాను. నిద్ర లేనప్పుడు వద్దు, ఏడ్చి కళ్లు తుడుచుకున్న గంటలో వద్దు, ఎవరి మీదో పంతం కొద్దీ వద్దు.

అమ్మాయి: అయితే నా షరతులు వినండి. డాక్టరుని కలిశాకే యార్డు. అమ్మని కారులో ఎప్పుడు ఎక్కించుకోవాలో నేను చెప్పాలి, అమ్మ కూడా తొందరపెట్టకూడదు. మూడోది మీకు నచ్చదు. ఏదో ఒక మెట్టు దగ్గర నేను ఆగిపోవచ్చు. రాత్రి, వానలో, ఆ రోడ్డు మీద నేను జన్మలో నడపకపోవచ్చు. దాన్ని ఓటమి అనకూడదు.

బాబాయి: ఎందుకంటాను? నాకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక రాత్రిపూట నేనే మానేశాను. ఎదుటి లైట్లు కళ్లకి కొడుతున్నాయి. అది తెలిసి ఆగడం. పట్టపగలు కూరగాయల బజారుకి వెళ్లలేకపోవడం మాత్రం వేరే సంగతి. అక్కడ మాత్రం నిన్ను ఆగనివ్వను, పోట్లాడతా.

అమ్మాయి: నాకు ఇంకా ఒక సమాధానం రాలేదు. మనం మాట్లాడిందంతా నన్ను బాగుచెయ్యడం గురించే. డాక్టరు దగ్గరికి నేను వెళ్లాలి, యార్డులో నేను తిరగాలి, స్పీడు నేను తగ్గించాలి. దీపం లేని ఆ ట్రక్కు ఇవాళ సాయంత్రం కూడా అదే రోడ్డు మీద వెళ్తుంది. పత్తి సీజను వస్తే అలాంటివి వందలు వస్తాయి. ఒక్కదాన్నే మారితే న్యాయమేనా?

బాబాయి: న్యాయం కాదు. అందులో నీదే పైచెయ్యి, ఒప్పుకుంటున్నా. జాతీయ రహదారి మీద ఆగిపోయిన బండి కనిపిస్తే 1033కి ఫోన్ చెయ్యొచ్చు. చాలామందికి ఆ నంబరే తెలియదు. నాకు తెలిసీ ఎన్నిసార్లు చూసి పక్కనుంచి పోయానో. ఇకనుంచి పక్కన కూర్చున్నవాడు ఫోన్ చేస్తాడు, నడిపేవాడు కాదు.

అమ్మాయి: అది చాలదు. యార్డు అన్నారుగా, అక్కడ ఆదివారం కూడా ట్రాక్టర్లు ఆపి ఉంటాయి కదా?

బాబాయి: పొద్దెక్కాక వస్తాయి. సరుకు దింపి రైతులు టీ తాగుతుంటారు. నీకు కష్టంగా ఉంటుందంటే వేరే చోటు చూస్తా.

అమ్మాయి: వద్దు, అక్కడే. ఎర్ర రిఫ్లెక్టర్ టేపు చుట్టలు కొనుక్కొస్తాను. నేను కారులో యార్డు చుట్టూ ఒక రౌండు కొట్టాక, ఆగి ఉన్న ట్రక్కులన్నిటికీ వెనక అంటిద్దాం. రైతుల్ని మీరు ఒప్పించండి, అంటించేది నేను. ట్రక్కు వెనక చెయ్యి పెట్టి నిలబడటం కూడా ఒక మెట్టే కదా?

బాబాయి: పెద్ద మెట్టే. ముందు రేపు పొద్దున 14416కి ఫోన్ చెయ్. కారు బేరం పెట్టినవాడికి ఏం చెప్పమంటావు?

అమ్మాయి: ఇప్పుడప్పుడే అమ్మట్లేదని చెప్పండి. ఎప్పటికీ అమ్మనని మాత్రం చెప్పకండి.